అమ్మకానికి బురుజు ఇల్లు: గాల్వే, క్లేర్ వైపు ఓ చుట్టు

ఐర్లండ్ పడమటి వైపు కార్లో వెళ్తుంటే పొలాల మధ్య, వాగుల పక్కన, ఒక్కోచోట ఎవరిదో పశువుల కొట్టాన్ని ఆనుకుని రాతి బురుజులు కనిపిస్తూనే ఉంటాయి. వీటిని టవర్ హౌస్‌లంటారు. ఎక్కువ భాగం 15, 16 శతాబ్దాల్లో ఆయా ప్రాంతాల పెద్దలు కట్టుకున్న ఇళ్లు. రాజుల కోటలు కావు. మన తెలంగాణ దొరల గడీలకు దగ్గరి చుట్టాలనుకోండి. చాలావాటికి కప్పు కూలిపోయి తీగలు అల్లుకున్నాయి. కొన్నింటిని మాత్రం బాగుచేసి కాపురాలుంటున్నారు, అప్పుడప్పుడూ అమ్మకానికీ పెడుతుంటారు. క్లేర్ కౌంటీలో అలాంటిదొకటి ఉందని మావారు నెట్‌లో పట్టుకున్నారు. ధర చూస్తే డబ్లిన్‌లో మంచి పేటలో తోట ఉన్న పెద్ద ఇంటి ధరే. కొనాలన్న ఉద్దేశం మాకు సగమే ఉంది. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. "చూసొస్తే పోయేదేముంది" అన్నది ఆయనే.

అమ్మకానికున్న ఇంటిని నేరుగా చూస్తే మోజులో పడిపోతామని, ముందు అందరూ చూసే బురుజులకు వెళ్లాం. ఈ పని మంచిదయింది. ఊక్టరార్డ్ దగ్గర ఆక్‌ననూర్ కోట ఓఫ్లహర్టీ వంశానిది, ఆరంతస్తులు, ఇప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉంది. బురుజు ఇల్లు ఎలా పనిచేసేదో తెలియాలంటే నా ఓటు దీనికే. వాకిలి దాటగానే తలెత్తితే కప్పులో ఒక కంత. శత్రువు లోపలికి చొరబడితే పైనుంచి రాళ్లు వేయడానికట. కింది అంతస్తుల్లో కిటికీలు లేవు, బాణం వేసేంత సందులే. పైకి వెళ్లేకొద్దీ కిటికీలు పెద్దవవుతాయి. అంటే వెలుగంతా పైనే, చీకటంతా కిందే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పక్కనున్న విందుశాల కింద నది నేలను తొలిచేయడంతో అందులో చాలా భాగం కూలిపోయింది. మామయ్యగారు ఆ మిగిలిన గోడ దగ్గర నిలబడ్డంత సేపు ఇంకెక్కడా నిలబడలేదు.

గోర్ట్ దగ్గరి తూర్ బాలిలీ మరో రకం. రవీంద్రుణ్ణి ఇంగ్లిష్ పాఠకులకు పరిచయం చేసిన కవి యేట్స్ 1917లో దీన్ని 35 పౌన్లకు కొన్నాడు. బాగుచేయించి కొన్నేళ్లు వేసవుల్లో సంసారంతో ఉన్నాడు. వేసవుల్లో అన్న మాట ముఖ్యం. పక్కనే పారే ఏరు వరదొస్తే లోపలికి వచ్చేస్తుంది. 2009 చివర్లో వచ్చిన వరదకు ఇది ఏళ్ల తరబడి మూతపడి, స్థానికుల పూనికతో 2015లో మళ్లీ తెరుచుకుంది. ఇరుకు దారి, పెద్ద కారుంటే ఎదురొచ్చే ట్రాక్టర్‌తో టెన్షన్ తప్పదు. చోటు మాత్రం అద్భుతంగా ఉంది. కిన్‌వారాలో సముద్రపు ఒడ్డునున్న డన్‌గ్వైర్ కోటను బయటి నుంచే చూశాం. 1954లో ఒక దొరసాని దాన్ని కొని, బాగుచేయించి, అందులోనే ఉందట. ఫొటోలకు అదే బాగుంటుంది.

ఇక అసలు ఇల్లు. ఏజెంటు మర్యాదస్తుడే గాని ఫొటోల్లో చూపించింది మొత్తం పై అంతస్తు హాలు. అది నిజంగానే బాగుంది: ఓక్ దూలాలు, మనిషి నిలబడేంత పొయ్యిగూడు, నాలుగు వైపులా పచ్చిక. దాని కింద రాతి కమాను గది ఉంది. అందులో గోడకు దగ్గరగా వెళ్లి పైకి చూస్తే సున్నంలో బుట్ట అల్లిక అచ్చు స్పష్టంగా కనిపించింది. కమాను కట్టేటప్పుడు కింద ఆసరాగా అల్లిన తడికలు పెట్టి, వాటిమీద సున్నం వేసి రాళ్లు పేర్చేవాళ్లు. తడికలు పోయినా పుల్లల ఆనవాలు ఇన్ని వందల ఏళ్లుగా అలాగే ఉంది. నేను వేలితో తడుముతుంటే, బ్రాడ్‌బ్యాండ్ వైరు ఎటునుంచి లాగారని మావారు అడిగారు. ఇక్కడా వాకిలి పైన అలాంటి కంత ఉంది, అందులోంచి. ఆరడుగుల మందం గోడల్లోంచి వైఫై వెళ్లదు కాబట్టి అంతస్తుకో పెట్టె బిగించారు.

బురుజు లోపల చోటెంతుంటుందో తెలియడానికి ఒక పాత లెక్క ఉంది. 1429లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో బురుజు కట్టుకున్నవాళ్లకు 10 పౌన్ల సాయం ప్రకటించింది. అందుకు పెట్టిన కొలత 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు. అంటే అంతస్తుకు 320 చదరపు అడుగులు, అందులోంచి గోడలు తీసేయాలి. పడమటి బురుజులు ఇంతకన్నా పెద్దవే గానీ పద్ధతి అదే: అంతస్తుకో పెద్ద గది, వాటిని కలిపే, మెలికలు తిరిగే మరమెట్లు. మేం చూసిన ఇంట్లో వంటగది కింద, వెలుగున్న హాలు పైన. కాఫీ కప్పు పట్టుకుని పైకి వెళ్తే సగం మెట్ల మీదే ఒలుకుతుంది. ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, పట్టుకోవడానికి తాడు. సోఫా ఆ మెట్లలో తిరగదు, కిటికీలోంచి తాళ్లతో లాగాలి, లేదా వడ్రంగి లోపలే చేయాలి. "అమ్మా, చుట్టాలొస్తే కాఫీలు ఎవరు మోస్తారు?" అన్నారు మామయ్యగారు. మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

బాగుచేసిన తీరు గురించి మామయ్యగారు చెప్పిందే రాస్తున్నాను. ఇలాంటి గోడకు సున్నమే వాడాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక అక్కడే నిలిచిపోతుంది. ఈ ఇంట్లో పడమటి గోడకు ఎవరో రాళ్ల సందుల్లో సిమెంటు నింపి టీపు కట్టారు. సరిగ్గా అక్కడే లోపల తేమ మచ్చలు. పైగా ఈ బురుజుల్లో చాలావాటికి అప్పట్లో బయట సున్నపు పూత ఉండేది, ఇప్పుడు మనం మురిసిపోయే ఒట్టి రాయి కాదు. వెస్ట్ కార్క్‌లో నటుడు జెరెమీ ఐరన్స్ తన కిల్కో కోటకు కాషాయం లాంటి రంగు పూత వేయిస్తే ఊళ్లో కొందరు గగ్గోలు పెట్టారు. పూత వేయడం వరకూ ఆయన పనే సబబు.

ఒక రాత్రి గడిపి చూడాలని అక్కడికి దగ్గర్లోనే అద్దెకిచ్చే మరో బురుజులో దిగాం. పొయ్యి, కొవ్వొత్తులు, గోడల నిశ్శబ్దం, అన్నీ బాగున్నాయి. బాత్రూమ్ పడకగదికి ఒక అంతస్తు కింద ఉందని మాత్రం వెబ్‌సైట్లో రాయలేదు. అర్ధరాత్రి ఫోన్ లైటుతో ఆ మెట్లు దిగడం మామయ్యగారి వయసువాళ్లకు ప్రమాదమే. నేల కింద వేడినీటి గొట్టాలున్నా రాయి వేడెక్కడానికి చాలా సేపు పట్టింది, మేం బయల్దేరే వేళకు గది హాయిగా తయారైంది. మర్నాడు కిన్‌వారాలో ఒక బీ అండ్ బీలో (పడక, పొద్దున టిఫిన్ ఇచ్చే బస) దిగితే అందరికీ ప్రాణం లేచొచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు పాత కట్టడాలను బాగుచేసే ఐరిష్ ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అద్దెకిచ్చే కిల్కెన్నీలోని క్లోమంటా కోట నయం. అక్కడ బురుజుకు ఆనుకుని మామూలు రైతు ఇల్లు ఉంది.

కొనాలనే ఉంటే కొన్ని సంగతులు. విదేశీయులు ఐర్లండ్‌లో ఇల్లు కొనడానికి అడ్డు లేదు, కానీ ఇల్లు కొన్నందుకు వీసా రాదు. ఇలాంటివి సాధారణంగా స్మారకాల జాబితాలో ఉంటాయి. 1994 స్మారకాల చట్టం ప్రకారం ఏ పని చేయాలన్నా రెండు నెలల ముందు ప్రభుత్వానికి రాతపూర్వకంగా తెలపాలి. 2023లో కొత్త చట్టం వచ్చి దశలవారీగా అమలవుతోంది కాబట్టి సొలిసిటర్‌ని, అంటే ఆస్తి కాగితాలు చూసే లాయరుని, అడగడం మేలు. పన్నుల చట్టం సెక్షన్ 482 కింద మరమ్మతు ఖర్చుకు పన్ను రాయితీ ఉంది. అది పొందడానికి ఒక దారి ఏమిటంటే ఏడాదికి కనీసం 60 రోజులు ఇంటిని జనానికి తెరిచి ఉంచాలి. మనం ఉప్మా తింటుంటే టూరిస్టులు కమాను ఫొటోలు తీసుకుంటారన్నమాట. రక్షిత కట్టడాలకు ఇంధన రేటింగ్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి వేడి ఖర్చు ఎంతవుతుందో ఆ కాగితం మీద దొరకదు. పోయిన రెండు చలికాలాల బిల్లులు చూపించమని మేం అడిగాం. పంపిస్తామన్నారు, రాలేదు.

మావారికి ఆశ ఇంకా చావలేదు. నా మటుకు, ఇద్దరే ఉండి, మోకాళ్లు బాగుండి, డబ్లిన్‌లో ఉద్యోగం లేనివాళ్లకైతే ఈ ఇల్లు దొరకడం అదృష్టమే. మాకు కాదు. మీరు చూడటానికి వెళ్తే మాత్రం వాన కురిసే రోజే వెళ్లి, ముందు పడమటి గోడ దగ్గర నిలబడండి.