మసి కాల్చడానికి తణుకు దాకా: కోనసీమలో పెద్ద డీజిల్ బండితో ఐదేళ్లు

2020 అక్టోబరులో కొన్నాం. బీఎస్‌6 (అప్పుడే వచ్చిన కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్, 2.2 లీటర్ల ఇంజిను, ఏడు సీట్లు, మాన్యువల్ గేరు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఏ ఒక్క కంపెనీకో సంబంధించిన సంగతి కాదు. మీటరు ఇప్పుడు 61 వేలు దాటింది.

మాది అంబాజీపేట పక్క ఊరు, కొట్టు అమలాపురంలో. పొద్దున ఓ పది కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ అంతే. మధ్యలో పిల్లల స్కూలు, అమ్మ డాక్టరు, పెళ్లిళ్లు. ఏదీ అరగంట ప్రయాణం కాదు. పైగా మా రోడ్ల మీద నలభై దాటించాలంటే చోటెక్కడ? అక్కడే దెబ్బతిన్నాం.

బీఎస్‌6 డీజిల్ బండి పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని బండి తనే కాల్చుకోవాలి. దానికి లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి, అంటే పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా అరవై పైన పోతుండాలి. మేమేమో అది కాల్చడం మొదలెట్టేసరికి ఇంటి గేటు ముందు ఇంజిను ఆపేస్తాం. ఎనిమిదో నెలలో, ఫిల్టర్‌లో మసి నిండిందని చెప్పే లైటు వెలిగింది, పట్టించుకోలేదు. ఓ ఆదివారం డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూస్తే ఆయిల్ పైగీత దాటి అర అంగుళం ఉంది. ఆయిల్ తగ్గడం చూశాం గానీ పెరగడమేంటి? వాసన చూస్తే డీజిల్. మసి కాల్చడానికి ఇంజిను అదనంగా చిమ్మే డీజిల్, ఆ పని మధ్యలో ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఆయిల్లోకి దిగింది. సర్వీసు సెంటర్లో కంప్యూటర్ తగిలించి మసి కాల్పించి, ఆయిల్ మార్చి, పద్నాలుగు వేల బిల్లు చేతిలో పెట్టారు. అమ్మేటప్పుడు మాత్రం ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి రావులపాలెంలో హైవే ఎక్కి, సిద్ధాంతం వంతెన మీదుగా తణుకు దాకా పోయి వస్తున్నాం. ఇంట్లో దాని పేరు మసి ట్రిప్పు. అమ్మ ముందే తయారై కూర్చుంటుంది, తిరిగొచ్చేటప్పుడు రావులపాలెంలో అరటిగెల కొనిపిస్తుంది. బండి మన పనికి తిరగాలి గానీ, బండి పనికి మనం తిరగడమేంటని మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు నింపి చూసుకున్న లెక్కలో ఊళ్లో లీటరుకు పదకొండు, హైవే మీద పదిహేను వస్తోంది. యానాం వైపు పనిపడితే అక్కడే నింపుతాం, పన్ను తక్కువ కాబట్టి చౌక. అందుకోసమే వెళ్తే మిగిలేదేమీ ఉండదు.

రెండో తలనొప్పి వెడల్పు. అద్దాలు కాకుండానే 1.9 మీటర్లకు దగ్గర. ఓసారి కాలువ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురైంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను. "ఆయ్, నాది లోడండి బాబూ, మీరే ఎనక్కెళ్లాలి" అన్నాడు. న్యాయమే. కెమెరాకి బురద కొట్టింది, స్క్రీన్ మీద ఏమీ కనపడలేదు. మా అబ్బాయి దిగి చెయ్యూపుతుంటే, అద్దాల్లో చూసుకుంటూ అరకిలోమీటరు వెనక్కి నడిపాను. చొక్కా తడిసిపోయింది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మొదట్లో డిక్కీలో ముక్కాలిపీట ఒకటి ఉండేది, ఆవిడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే మెట్టు. తర్వాత సైడు మెట్లు వేయించాం. ఎక్కి కూర్చున్నాక మాత్రం పాత కారుకన్నా ఇదే హాయి అంటుంది, కాళ్లు ముడుచుకోనక్కర్లేదట. మూడో వరుస పిల్లలకే. అది తెరిస్తే వెనక కొబ్బరికాయల బస్తా కూడా పట్టదు.

2022 జూలై వరదప్పుడు మాత్రం దీని విలువ తెలిసింది. లంకలో ఉన్న అత్తగారి వాళ్లు నావ మీద ఏటిగట్టుకు చేరారు. గట్టు మీద నుంచి ఏడుగురినీ, మూటలతో సహా, ఒక్క ట్రిప్పులో ఇంటికి తెచ్చాను. ప్రకటనల్లో చూపించినట్టు నీళ్లలోకి దించలేదు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఎంత ఎత్తు బండైనా పక్కకు తోసేస్తుంది.

ధర సంగతికొస్తే, అప్పట్లో 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు, మొత్తం 50 పోశాం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది. ఇప్పుడు కొనేవాళ్ల అదృష్టం. ఎలకలు రెండుసార్లు వైర్లు కొరికాయి. అంతర్వేది వెళ్లొచ్చిన ప్రతిసారీ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అడుగు కడిగిస్తాను.

మళ్లీ కొంటే ఇంత సైజే కొంటాను గానీ పెట్రోలు తీసుకుంటాను. మా బావమరిది పెట్రోలు బండి కాకినాడ ఊళ్లో లీటరుకు తొమ్మిది దాటదు. అయినా నెలకు రెండుసార్లు తణుకు పోయే ఖర్చు వేసుకుంటే నాకు పెద్ద తేడా కనపడలేదు. నెలకు నాలుగుసార్లు హైదరాబాదో విశాఖో వెళ్లేవాళ్లయితే డీజిలే తీసుకోండి, వాళ్లకు ఈ లైటు వెలగనే వెలగదు.