అరకులో టెంటు కన్నా తోటే నయం

డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచి బావగారి కుటుంబం వచ్చింది. విశాఖలో ఉండి అరకు చూపించకపోతే మాట పడాలి కదా, కిరండూల్ రైల్లో విస్టాడోమ్ టికెట్లు తీశాను. అద్దాల బోగీ పిల్లలకి భలే నచ్చింది. సొరంగాలు లెక్కపెడుతూ ముప్పై దాటాక వదిలేశారు. అందులో టికెట్ దొరక్కపోయినా దిగులు వద్దు. మామూలు బోగీలో అయితే కిటికీ తెరిస్తే కొండగాలి కూడా తగులుతుంది.

దెబ్బతిన్నది బస దగ్గరే. ఫొటోలు చూసి ఒక టెంట్ రిసార్టు బుక్ చేశాను, రాత్రికి 2,500. దుప్పట్లు అడిగితే "వస్తాయి సార్" అన్నారు, తెల్లారినా రాలేదు. వేడినీళ్లు మనిషికి అర బకెట్టు. చలికాలంలో వెళ్తే గోడలున్న గదే తీసుకోండి. బొంగు చికెన్ పర్లేదు.

మర్నాడు కారులో ఘాట్ దిగుతూ అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఆగాం. పది నిమిషాలనుకున్నది గంటన్నర అయింది. భుజం ఎత్తు కాఫీ మొక్కలు, వాటిమీద నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు. రాలిన ఆకు ఒకటి తీసి చూశాను. చీలికలు చీలికలుగా ఉంది, వెనక్కి తిప్పితే వెండి పూత పూసినట్టే. పేరుకే ఓక్, ఆ జాతికి చుట్టం కూడా కాదు. పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరపు వానల అడవులు. అక్కడ 30 మీటర్లు పైబడి పెరిగి, మిగతా చెట్ల తలల మీదుగా ఎండ అందుకుంటుంది. ఇక్కడ కాఫీకి గొడుగు పట్టే ఉద్యోగం.

"ఎండ ఎక్కువైతే కాసీ కాసీ మొక్క అలిసిపోద్ది బాబూ. నీడ ఎక్కువైతే కాపే ఉండదు" అన్నాడు తోటలో పనిచేసే పెద్దాయన. అందుకే సిల్వర్ ఓక్ పక్క కొమ్మలు కొడుతూ ఉంటారట. గరుకు బెరడును వేళ్లతో కరుచుకుని మిరియాల తీగ పైదాకా పాకింది. బావగారు పచ్చి మిరియం ఒకటి కొరికి, నీళ్ల సీసా ఖాళీ చేశారు. చెట్టు ముదిరితే ప్లైవుడ్‌కి, ఫర్నిచర్‌కి పోతుంది. దాని రంపపు పొట్టు మాత్రం కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు లేస్తాయి.

నిజం చెప్పాలంటే, వరసకట్టిన సిల్వర్ ఓక్‌లు స్కూలు డ్రిల్లులా అనిపించాయి. పనస, మామిడి కలిసి ఉన్న మూలే నాకు నచ్చింది, పిట్టల సందడంతా అక్కడే.

అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని చెప్పే ముద్ర, వచ్చింది. కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ (ఒక మొక్క వేరు పొడి) కలిపారేమో అడగండి. మేం పావుకిలో మిరియాలు కూడా కొన్నాం. ఇంటికొచ్చి చూస్తే ఇంకా తడే, రెండు రోజులు డాబా మీద ఎండబెట్టాల్సి వచ్చింది. గోటితో నొక్కి చూసుకుని కొనండి.