14 నెలలు యువ సలహా బృందంలో: మూడు స్టార్లే ఎందుకిచ్చానంటే

ఈ రివ్యూ కౌన్సెలింగ్ సేవ గురించి కాదు. ఆ సేవ నడిపేవాళ్లు పెట్టిన యువ సలహా బృందం గురించి. యువత మానసిక ఆరోగ్యం మీద వాళ్లు కొత్త విధానం రాసుకుంటూ, ఈసారి సేవ వాడినవాళ్లను కూడా అడిగి రాస్తామన్నారు. అంతకు రెండేళ్ల ముందు నేను అక్కడే కౌన్సెలింగ్ తీసుకున్నాను. అందుకే దరఖాస్తు పెట్టాను, తీసుకున్నారు. మొత్తం పన్నెండు మందిమి. అందరికన్నా చిన్నవాడికి అప్పటికి పదిహేడు కూడా నిండలేదు, నాకు ఇరవై రెండు. సంస్థ పేరు రాయను. మీకూ ఇలాంటి పిలుపు వస్తే చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొస్తే చాలు.

మొదటి మీటింగ్ సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఒక స్టార్ అక్కడే పోయింది. వెళ్లేసరికి విధానం ముసాయిదా మొత్తం రాసేసి ఉంది. నీట్‌గా బైండింగ్ చేసి తలా ఒకటి ఇచ్చారు. మమ్మల్ని అడిగింది అట్ట రంగు గురించి, పేరు 'యువతకు దగ్గరగా' ఉందా లేదా అన్నదాని గురించి. నీలమా ఆకుపచ్చా అని నలభై నిమిషాలు మాట్లాడాం. నేనూ మాట్లాడాను, అబద్ధమెందుకు, ఆకుపచ్చ కోసం గట్టిగానే వాదించాను. చివర్లో గ్రూప్ ఫొటో. ఇంటికొచ్చాక, పన్నెండు మందిమి చేరి తేల్చింది ఇదా అని చిరాకేసింది.

తర్వాత ఎక్కడో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడి నిచ్చెన గురించి చదివాను. పిల్లలూ యువతా పాల్గొనడం గురించి 1992లో యునిసెఫ్ కోసం ఆయన రాసిన చిన్న పుస్తకంలో ఎనిమిది మెట్లుంటాయి. కింది మూడు మెట్లూ అసలు పాల్గొనడమే కాదంటాడు: పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా పెట్టుకోవడం, పేరుకి మాత్రం కూర్చోబెట్టడం. ఆ లెక్కన మేం రెండో మెట్టు మీద నిలబడి ఫొటో దిగామన్నమాట.

రెండో మీటింగ్ నాటికి సమన్వయకర్త మేడమ్‌కి ఒక్క మాట చెప్పాం: రంగులు మీరే చూసుకోండి మేడమ్, మాకు లోపలి పేజీలు ఇవ్వండి. ఆవిడ మంచి మనిషి. మొహం చిన్నబుచ్చుకోలేదు, పేజీలు పంపారు. ఇక్కణ్నుంచి బృందానికి నిజంగా పని దొరికింది.

ఏడో నియమం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. 'వరుసగా రెండు అపాయింట్‌మెంట్లకు రాని వారి ఫైల్ మూసివేయబడును.' రాసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. వెయిటింగ్ లిస్టులో జనం ఉంటారు, ఖాళీగా పోయిన గంట ఇంకొకరికి దక్కాల్సింది. కానీ నేను రెండుసార్లు ఎగ్గొట్టినప్పుడు నా పరిస్థితి ఏంటో ఆ కాగితానికి తెలీదు. ఆ రెండు వారాల్లో మంచం దిగి స్నానం చేయడమే పెద్ద పని నాకు. ఫోన్ మోగితే దిండు కింద పెట్టేదాన్ని. బాగైపోయి మానేసినవాళ్లూ, బొత్తిగా లేవలేక మానేసినవాళ్లూ రిజిస్టర్‌లో ఒకేలా కనిపిస్తారు: 'రాలేదు'. అప్పట్లో ఈ నియమం లేదు కాబట్టి, నా కౌన్సెలర్ 'వచ్చే వారం ఇదే టైమ్‌కి కుర్చీ నీదే' అని ఒక మెసేజ్ పెట్టింది. దానికి జవాబు కూడా ఇవ్వలేదు నేను. వెళ్లాను, అంతే.

ఇది మీటింగ్‌లో చెప్పడానికి నాకు చాలా టెన్షన్ పట్టింది. చెప్పాక ఒక సీనియర్ డాక్టరుగారు, 'మేం దీన్ని హాజరు సమస్య అనుకున్నాం, నిజానికి ఇది ఒక లక్షణమేనేమో' అన్నారు. ఆ తర్వాత నాలుగు మీటింగులు దాని మీదే కూర్చున్నాం. ఇప్పుడున్న నియమం ఇది: మొదటిసారి రాకపోతే ఆ కౌన్సెలరే స్వయంగా మెసేజ్ పెట్టాలి. రెండోసారీ రాకపోతే, ఫోనా, చాటా, ఇంకోసారి చూద్దామా అని అడగాలి. ఫైల్ మూసినా, మళ్లీ వస్తే లైన్ చివరికి పంపకూడదు. ఆ చివరి వాక్యం మా బృందంలో ఒకమ్మాయిది. ఒక్క అక్షరం మార్చకుండా అచ్చులోకి వచ్చింది. ఈ రివ్యూలో రెండు స్టార్లు అచ్చంగా ఏడో నియమానివే.

ఇంట్లోవాళ్లకు ఎప్పుడు చెప్తారు అన్న విషయంలో కూడా కాస్త కదలిక వచ్చింది. ముసాయిదాలో 'అవసరమైనప్పుడు తల్లిదండ్రులకు తెలియజేస్తాం' అని ఉండేది. ఎవరికి అవసరమైనప్పుడు? ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు చెప్పాల్సిందేనని మేమూ ఒప్పుకున్నాం. మేం అడిగింది, చెప్పేముందు మాకు చెప్పమని. ఎవరికి, ఏం, ఎంత చెప్తున్నారో. అది రాశారు.

ఇక పోయిన రెండో స్టార్ సంగతి.

మా బృందంలో అందరికన్నా చిన్నవాడు మూడో మీటింగ్‌లో ఒక ప్రశ్న అడిగాడు: 'నాకు పద్దెనిమిది నిండిన రోజున మా కౌన్సెలర్ మారిపోతుందా?' అవును, మారిపోతుంది. పిల్లల విభాగం అక్కడితో ఆఖరు, ఆ తర్వాత పెద్దల విభాగం. వేరే బిల్డింగ్, వేరే మనుషులు, మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పుకోవాలి. సరిగ్గా చదువు మారే, ఇల్లు మారే, ఉద్యోగాల వేట మొదలయ్యే వయసులో ఇది కూడా మార్చేస్తారు. నేను కొంచెం హోంవర్క్ చేసి వెళ్లాను. 192 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. మానసిక సమస్యలు వచ్చినవాళ్లలో మూడో వంతు మందికి 14 ఏళ్లలోపే, దాదాపు సగం మందికి 18 లోపే, 62 శాతం పైగా 25 లోపే అవి మొదలయ్యాయని అందులో తేలింది. అంటే 18 దగ్గర గీత గీయడానికి జబ్బు వైపు నుంచి కారణమేమీ లేదు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్ అనే యువత మానసిక ఆరోగ్య సేవ అయితే 12 నుంచి 25 దాకా ఒకే చోట చూస్తుంది. అంత కాకపోయినా, మారేముందు ఆరు నెలలు ఇద్దరు కౌన్సెలర్లూ కలిసి చూడొచ్చు కదా అన్నాం.

అందరూ తల ఊపారు. 'చాలా మంచి పాయింట్' అని బోర్డు మీద రాశారు. తర్వాత ఐదు నెలలు దాని ఊసే లేదు.

నాకు మండింది ఇక్కడే. కుదరదు అని ఉంటే సరిపోయేది. మనుషులు లేరు, రెండు విభాగాల నిధులు వేరు, పై నుంచి ఒప్పుకోలేదు, ఏదో ఒకటి చెప్తే అర్థం చేసుకునే వయసే మాది. ఏమీ చెప్పకపోతే ఏమనుకోవాలి? ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం, అదీ 1989 నాటిది, పిల్లల అభిప్రాయానికి వయసుకీ పరిణతికీ తగ్గ విలువ ఇవ్వాలంటుంది. లారా లండీ అనే పరిశోధకురాలు 2007లో దాన్ని నాలుగు మాటల్లో విడదీసింది: చోటు, గొంతు, వినేవాళ్లు, ప్రభావం. మాకు చోటిచ్చారు, గొంతు మాకు ముందే ఉంది, వినేవాళ్లూ వచ్చి కూర్చున్నారు. నాలుగోది ఎటు పోయిందో అడుగుదామంటే ఎవర్ని అడగాలో తెలీలేదు.

గొడవ చేశాక ఒక పట్టిక మొదలుపెట్టారు. 'మీరు చెప్పింది', 'మేం చేసింది', 'చేయలేనిది, ఎందుకు'. మూడు గడులే. ప్రతి మీటింగ్‌కి వారం ముందు మెయిల్‌లో వచ్చేది. మా హాజరు ఒక్కసారిగా పెరిగింది. మూడో గడి నిండుగా ఉన్న నెలలో కూడా జనం వచ్చారు! పద్దెనిమిదేళ్ల అంశం ఎదురుగా మాత్రం మూడో గడిలో ఇప్పటికీ 'పరిశీలనలో ఉంది' అనే ఉంది.

ఇంకో సంగతి, చేరాలనుకునేవాళ్లు ఇది తప్పక చదవండి. విధానం విడుదల సభలో మాలో ఒకరిని 'మీ కథ చెప్పండి' అని స్టేజి ఎక్కించారు. బాగా చెప్పింది, చప్పట్లు మోగాయి. ఆ రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేసి, 'అక్కా, అదంతా మళ్లీ ఇప్పుడే జరిగినట్టుంది' అని ఏడ్చింది. సంస్థ నుంచి ఆ సాయంత్రం గానీ మర్నాడు గానీ ఒక్క ఫోన్ లేదు. మానసిక ఆరోగ్య సంస్థ నుంచి! ఆ తర్వాత మేమే నిబంధన రాయించాం: సొంత కథ చెప్పమని ఎవరూ అడగకూడదు. చెప్తే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఎవరో ఒకరు మాట్లాడాలి. మధ్యలో లేచి వెళ్లిపోయినా కారణం అడగకూడదు. అనుభవంతో సలహా ఇవ్వడం వేరు, పుండు విప్పి చూపించడం వేరు.

మాలో లేనివాళ్ల గురించీ చెప్పాలి. మీటింగులు పనిరోజుల్లో పగటిపూట. చదువు మానేసి పనికెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు, మగపిల్లలు ఇద్దరే. మిగిలిన అందరం కాస్త మాటకారులం. నోరు విప్పలేనివాళ్లే ఈ సేవకి ఎక్కువగా వచ్చేది, వాళ్ల తరఫున మేం ఊహించి మాట్లాడాం. పారితోషికం ఇచ్చారు, అది మంచి విషయం. టైమ్‌కే ఇచ్చారు కూడా.

చేరమంటానా? ముసాయిదా రాయకముందే పిలుస్తుంటే చేరండి. రాసేశాక పిలిస్తే, ఇందులో ఇంకా మార్చడానికి వీలున్నవి ఏవి అని మొదటి రోజే అడగండి. జవాబులో రంగుల ప్రస్తావన వస్తే మీ ఇష్టం.

నా గడువు పోయిన నెలతో అయిపోయింది. వెళ్లేముందు పట్టికలో పద్దెనిమిదేళ్ల అంశాన్ని మొదటి వరుసలోకి జరపమని రాసిచ్చాను. జరిపారో లేదో చూసి చెప్తానన్నాడు మా చిన్నవాడు. వాడింకా బృందంలోనే ఉన్నాడు, వచ్చే నెల పన్నెండుకి వాడికి పద్దెనిమిది నిండుతాయి.