నీళ్ల ఇంకు నెల్లూరు ఎండకు ఆగుతుందా? లేటెక్స్ మిషన్‌తో నా ఆరు ఎండాకాలాలు

మా ప్రింటింగ్ షాపులో 64 అంగుళాల వెడల్పు లేటెక్స్ మిషన్ దిగింది 2019 చివర్లో. బోర్డులు, స్టిక్కర్లు నీళ్ల ఇంకుతో ప్రింటు చేసే మిషన్ ఇది. అంతకుముందు మాదంతా సాల్వెంట్ పనే, అంటే నీళ్లకు బదులు ఘాటు వాసన రసాయనం కలిపిన ఇంకు. పెట్టె విప్పుతుంటే చూడ్డానికొచ్చిన పక్క షాపు పెద్దాయన ఒకటే మాట అడిగారు: "ఏందబ్బయా, ఇంత డబ్బు పోసి నీళ్ల ఇంకు మిషన్ తెచ్చావు, వానొస్తే కారిపోదా?" ఆ రోజు నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇప్పుడుంది. వానకు కారదు. ఎండ సంగతి మాత్రం మన చేతిలో ఉంది. సరిగ్గా చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది, తొందరపడితే మూడు నెలల్లో పరువు తీస్తుంది.

ఇది నీళ్ల ఇంకే, అందులో అబద్ధం లేదు. 2008లో హెచ్‌పీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇంకులో రంగుతో పాటు కంటికి కనపడనంత చిన్న లేటెక్స్ పాలిమర్ రేణువులు ఉంటాయి. ప్రింటు హీటరు కిందికి వెళ్లినప్పుడు నీళ్లు ఆవిరైపోయి, ఆ రేణువులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని, రంగును పట్టుకుని వినైల్ (స్టిక్కర్లకు వాడే ప్లాస్టిక్ షీటు) మీద పొరలా బిగుసుకుంటాయి. ఈ క్యూరింగ్‌ని మా షాపులో ఉడకడం అంటాం. ఉడికితేనే ప్రింటు. ఉడక్కపోతే ఎంత ఖరీదైన ఇంకైనా రంగు నీళ్లతో సమానం.

ఇది నాకు తెలిసొచ్చింది 2020 సంక్రాంతి రద్దీలో. ఒక బేకరీ అద్దాలకు నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో స్టిక్కర్లు. రేపే కావాలన్నారు. 6 పాస్‌లో (అంటే ప్రింట్ హెడ్డు ఒక్కో చోట ఆరుసార్లు తిరిగేలా) కొట్టి, వెంటనే లామినేషన్ (పైన అతికించే పారదర్శక ఫిల్మ్) వేసి ఇచ్చేశాం. మూడు వారాలకు ఫోనొచ్చింది. వెళ్లి చూస్తే లామినేషన్ మూలల దగ్గర లేచి ఉంది. గోటితో పట్టి లాగితే, కాచిన పాల మీద మీగడ వచ్చినట్టు, నల్ల రంగు మొత్తం ఆ ఫిల్మ్ జిగురుకు అంటుకుని వచ్చేసింది. కింద తెల్ల వినైల్ శుభ్రంగా ఉంది. లామినేషన్ రోల్ అమ్మిన ఆయనతో గొడవకు దిగాను. తప్పు ఆయనది కాదు. మా కుర్రాడు షాపులో మిగిలిన ముక్క మీద వేలు పెట్టి, "అన్నా, ఇది నూనె రాసినట్టు జిడ్డుగా ఉంది చూడు" అన్నాడు. ఆ జిడ్డే అసలు సంగతి. ఇంకులో నీళ్లతో పాటు ఉండే ద్రవాలు పూర్తిగా ఆవిరి కాకుండా పైన మిగిలిపోయాయి. వాటి మీద జిగురు పట్టదు. బేకరీకి మళ్లీ ఉచితంగా చేసిచ్చాను.

అప్పటి నుంచి మాకొక నియమం. ప్రతి జాబ్‌లో అన్నిటికన్నా ముదురు రంగున్న చోట తడి తెల్లగుడ్డతో గట్టిగా పదిసార్లు రుద్దుతాం. గుడ్డకు మరక అంటితే ఆ ప్రింటు బయటికి వెళ్లదు. సాల్వెంట్ ప్రింటుకు లామినేషన్ వేయాలంటే కనీసం ఒక రోజు ఆరబెట్టాలి. ఇక్కడ ఆ అవసరం లేదు, అది నిజంగా పెద్ద సుఖం. కానీ ఉడికిన ప్రింటుకే ఆ సుఖం.

ఉడకలేదనగానే అందరూ చేసే పని వేడి పెంచడం. నేనూ అదే చేశాను. చవక వినైల్ వేడికి అలలా పైకి లేచి, ప్రింట్ హెడ్డుకు తగిలి, ప్రింటంతా గీతలు పడింది. ఇప్పుడు నేను వేడి జోలికి ఆఖర్నే వెళ్తాను. ముందు పాస్‌లు పెంచుతాను, 6 నుంచి 10కి, నలుపు ఎక్కువుంటే 12కి. వినైల్ హీటరు కింద ఎక్కువ సేపు ఉంటుంది, నిదానంగా ఉడుకుతుంది. తర్వాత ఇంకు మోతాదు తగ్గించి చూస్తాను. ఈ రెండింటితోనే చాలావరకు సరిపోతుంది. మిషన్ నెమ్మదిస్తుంది, నిజమే. చేసిన పని మళ్లీ చేయడం కన్నా అది నయం.

కోవిడ్ రోజుల్లో ఇంకో దెబ్బ తిన్నాం. ఒక ఆసుపత్రి కౌంటర్లకు "దూరం పాటించండి" స్టిక్కర్లు లామినేషన్ లేకుండా ఇచ్చాను. వాళ్లు రోజూ శానిటైజర్‌తో తుడిచారు. వారంలో అక్షరాలు మాసిపోయాయి. లేటెక్స్ పొర నీటికి, ఎండకు తట్టుకుంటుంది కానీ ఆల్కహాల్‌కు లొంగిపోతుంది. చేతులు తగిలే చోట, తుడిచే చోట లామినేషన్ తప్పనిసరి. కస్టమర్ వద్దన్నా నేను ఒప్పుకోను.

రంగు వెలిసిపోవడం గురించి చెప్పాలంటే మా డాబా మీది ముక్క గురించి చెప్పాలి. 2020 ఉగాదికి ఒకే డిజైన్ రెండు ప్రింట్లు తీశాం. ఒకటి బీరువాలో చీకట్లో దాచాను. రెండోదాన్ని పడమటి పిట్టగోడకు బిగించాను, సగానికి లామినేషన్ ఉంది, సగానికి లేదు. ప్రతి ఉగాదికీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. లామినేషన్ లేని సగంలో రెండో ఏడాదికే ఎరుపు నీరసపడింది, పసుపు పాలిపోయింది. నీలం, నలుపు మాత్రం నిబ్బరంగా ఉన్నాయి. పాత బోర్డులన్నీ నీలంగా మారిపోయేది అందుకే. ఇంకులోని సయాన్ (నీలం), నలుపు రంగు పొడులు మొండివి, మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు ముందు అలిసిపోతాయి. లామినేషన్ ఉన్న సగం నాలుగో ఉగాదికి కూడా కస్టమర్‌కు చూపించుకునేలా ఉంది. కంపెనీవాళ్లు లామినేషన్ లేకుండా మూడేళ్లు, వేస్తే అయిదేళ్లు అని చెప్పే లెక్క నిటారుగా నిలబెట్టిన బోర్డుకు. వ్యాన్ బానెట్‌కు, టాప్‌కు ఆ లెక్క వేయకండి, నడినెత్తి ఎండ నేరుగా పడే చోట అంత ఆగదు.

దీన్నిబట్టి డిజైన్ దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాను. పడమటి ముఖం బోర్డుకు లేత గులాబీ, లేత పసుపు షేడ్లు వద్దని చెప్తాను. లేత రంగుల్లో ఇంకే తక్కువ, అందుకే ముందు పోయేవీ అవే. మైపాడు రోడ్డులో రొయ్యల మేత దుకాణం బోర్డుకు ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు ఒప్పించాను, ఉప్పుగాలిలో కూడా ఇంకా చక్కగా ఉంది.

సగం తప్పు వినైల్‌దే అయి ఉంటుంది, దాని మీద ఎవరూ మాట్లాడరు. చవక మోనోమెరిక్ వినైల్ ఎండకు కుంచించుకుపోయి అంచులు లేస్తాయి. రంగు బాగానే ఉన్నా బోర్డు పాతదైపోయినట్టు కనిపిస్తుంది. ఏడాది దాటి ఉండాల్సిన పనికి పాలిమెరిక్ (అంతగా కుంచించుకుపోని మేలు రకం వినైల్) వాడండి, లామినేషన్ ఫిల్మ్ కూడా అదే రకం వేయండి. పైది ఒక రకం, కిందది ఒక రకమైతే ఒకటి ముడుచుకుంటుంటే ఇంకోటి లాగుతుంది.

పెద్ద గోడకు నాలుగైదు ప్యానెళ్లు అతికించేవాళ్లకు ఒక చిట్కా. ప్యానెల్ ఎడమ అంచుకు, కుడి అంచుకు రంగులో వెంట్రుకంత తేడా రావచ్చు. ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా ప్రింటు చేస్తే, అతికించేటప్పుడు కుడి అంచు పక్కన కుడి అంచే వస్తుంది, అతుకు కనపడదు.

మిగతావి క్లుప్తంగా. హెడ్డు పోతే మనమే మార్చుకోవచ్చు. షాపులో సాల్వెంట్ వాసన లేదు, మా కుర్రాళ్లకు తలనొప్పులు తగ్గాయి, ఇది నాకు డబ్బు కన్నా ఎక్కువ. కరెంటు బిల్లు మాత్రం బాగా వస్తుంది, హీటరు ఊరికే వేడెక్కదు కదా. ఎండాకాలం మధ్యాహ్నాలు వోల్టేజి పడిపోయినప్పుడు మిషన్ వేడెక్కడానికే చాలాసేపు తీసుకుంటుంది. మంచి స్టెబిలైజర్ ముందే పెట్టుకోండి. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించాక గుడ్డ బ్యానర్లు అడిగారు. నేత పలుచగా ఉన్న గుడ్డలో ఇంకు కిందికి దిగిపోయి మిషన్ పాడవుతుంది, ఇంకు కిందికి దిగని గుడ్డే వాడాలి.

రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర నాలుగు రోజులుండే స్వాగతం బ్యానర్‌కు లేటెక్స్ దండగ. అలాంటివి అడిగితే ఇప్పటికీ పాత మిషన్ మీదే వేస్తాను. రోజంతా ఆ పనే ఉన్న షాపువాళ్లు దీన్ని కొనొద్దు. షాపు బోర్డులు, వ్యాన్లు, ఆసుపత్రి గోడలు చేసేవాళ్లు కొనొచ్చు. కొన్న మొదటి రోజే ఒక ముక్క తీసి మీ డాబా మీద పడమటి వైపు బిగించండి, దాని జత బీరువాలో పెట్టండి.