లూజు కవర్లలో వచ్చే సీఎంసీ పౌడర్ వాడుతున్నారా? ముందు నీళ్లలో వేసి చూడండి

ఫాండెంట్ (కేకు మీద పరిచే, బొమ్మలు చేసే చక్కెర ముద్ద) పని చేసేవాళ్లంతా చదవండి, ముఖ్యంగా ఈ వారం ఆర్డర్లున్నవాళ్లు. ఆ ముద్దతో చేసిన బొమ్మలు గట్టిపడాలని కలిపే బంక పొడే సీఎంసీ, టైలోస్ కూడా అలాంటిదే. తెల్ల జిప్ కవర్లో పోసి, లేబుల్ లేకుండా, "టైలోస్, సీఎంసీ ఏదైనా ఒకటే మేడమ్, ఫుడ్ గ్రేడే" అని అమ్ముతున్నారే, నాకొచ్చిన ఆ కవర్లో ఉన్నది చాలావరకు కార్న్‌ఫ్లోర్. అమ్మేది ఎవరో హోమ్ బేకర్ల గ్రూపుల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. వంద గ్రాములు 190 రూపాయలు. ఆ డబ్బు పోతే పోయింది. శనివారం ఇవ్వాల్సిన కృష్ణుడి కేకు మీది కిరీటం, వేణువు, నెమలి పింఛాలు అన్నీ పోయాయి. అదీ నా బాధ.

వానాకాలం కదా, చెమ్మకి ఆరలేదేమో అనుకుంటారు. కాదు. ఫాండెంట్ ఎప్పుడూ చేసేదే: జెలటిన్ 10 గ్రాములు, నీళ్లు 60 మి.లీ., లిక్విడ్ గ్లూకోజ్ అర కప్పు, గ్లిజరిన్ ఒక టేబుల్ స్పూన్, ఐసింగ్ షుగర్ 900 గ్రాములు. బొమ్మలకి తీసిన ముద్దలో 250 గ్రాములకి ఒక టీస్పూన్ లెక్కన, అంటే దాదాపు 3 గ్రాములు, పౌడర్ కలిపి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి గంట పక్కన పెట్టాను. పాత డబ్బా అడుగున మిగిలిన మంచి సీఎంసీతో అదే రోజు గులాబీలు చేసి, అదే గదిలో, అదే ఫోమ్ మీద, అదే ఏసీ డ్రై మోడ్‌లో ఆరబెట్టాను. రెండో రోజు పొద్దున గులాబీ రేకు గోటితో మీటితే టక్కుమంది. కిరీటం మాత్రం మూడో రోజుకి కూడా వేలు పెడితే దిగబడుతోంది. నిలబెట్టిన పావుగంటకి ముందు కొసలు వాలాయి, తర్వాత నడిమి భాగం వెనక్కి ఒరిగింది. వేణువుని మధ్యలో పట్టుకుని ఎత్తితే రెండు కొసలూ కిందికి వంగిపోయాయి. పైన పొరంతా ఎండిన చెరువు మట్టిలా సన్నటి నెర్రెలు. విరిచి చూస్తే లోపల ఇంకా మెత్తటి ముద్ద.

ఈ మోసం చేతికి తెలియదు, అదే ప్రమాదం. కార్న్‌ఫ్లోర్ కలపగానే పైతడి పీల్చుకుని ముద్ద గట్టిపడినట్టే ఉంటుంది, పౌడర్ బాగా పనిచేస్తోందని మనం సంతోషపడతాం. కానీ అందులో బంక లేదు. సీఎంసీ అయితే ఫాండెంట్‌లో ఉన్న నీటిని పట్టుకుని ఉబ్బి, చక్కెర రేణువుల మధ్య జిగురులా అల్లుకుంటుంది. నీరు ఆరేకొద్దీ ఆ జిగురు బిగుసుకుంటుంది. అందుకే గంట ఆగాక ముద్ద లాగితే సాగుతుంది, పల్చగా ఒత్తినా చినగదు. కార్న్‌ఫ్లోర్ ముద్ద లాగితే పుటుక్కున తెగుతుంది. పైపొర మాత్రం ఎండుతుంది, లోపలి తడిని గ్లిజరిన్ వదలదు.

ఇవన్నీ రాసి, గులాబీ, కిరీటం పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఆ పౌడర్ అమ్మినావిడకి పంపాను. డబ్బు వెనక్కివ్వమని కూడా అడగలేదు, ఆ స్టాకు ఇంకెవరికీ పంపకండి అన్నాను. వచ్చిన వాయిస్ మెసేజ్ ఇదీ: "మా పౌడర్‌తో ఊరంతా చేస్తున్నారు మేడమ్. ఆరబెట్టడం రాకపోతే క్లాసులో చేరండి, మూడు వేలే." ఫొటో తెరిచి చూసిందో లేదో తెలియదు. ఎక్కడ తెప్పించారు, బిల్లు ఏదని అడిగేసరికి బ్లాక్ చేసింది. పొరపాటున వేరే సంచిలోది వచ్చిందని ఒక్క మాట అని ఉంటే నేను ఈ పోస్టు పెట్టేదాన్ని కాదు. మనకే పని చేతకాలేదని తప్పు మన మీదే తోసేసి, దాన్నీ క్లాసు అమ్ముకోవడానికి వాడుకోవడం నేను మర్చిపోలేను.

తప్పు నాదీ ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు లేని కవరు కొన్నాను. ఆర్డరు బొమ్మలకి వాడేముందు ఒక్క రేకు చేసి చూడలేదు. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష తెలిసీ చేయలేదు.

ఆ పరీక్ష: 50 మి.లీ. చల్లటి నీళ్లలో అర టీస్పూన్ పౌడర్ చల్లండి. సీఎంసీ అయితే గడ్డలు కట్టి, ఆ గడ్డలు అంచుల నుంచి గాజులా మారతాయి, తెల్లారేసరికి గ్లాసంతా చిక్కటి జెల్లీ. కార్న్‌ఫ్లోర్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, కలిపితే పాల నీళ్లలా అవుతుంది. వట్టి ఐసింగ్ షుగర్ అయితే కరిగిపోతుంది. సీఎంసీలో కార్న్‌ఫ్లోర్ కలిపి అమ్మితే జెల్లీ వచ్చినా తెల్లగా మసకగా ఉంటుంది, అప్పుడు చిటికెడు పౌడర్ వేరే ప్లేట్లో తడిపి ఒక చుక్క బెటాడిన్ వేయండి. పిండి ఉంటే నీలి నలుపు రంగు వస్తుంది. నాది క్షణంలో నల్లబడింది. ఈ చుక్క పౌడర్ మీదే వేయాలి, తయారైన ఫాండెంట్ మీద కాదు. ఐసింగ్ షుగర్‌లో మామూలుగా కాస్త కార్న్‌ఫ్లోర్ ఉంటుంది. పరీక్షించినది పారేయండి.

జెల్లీ వచ్చినంత మాత్రాన తినేదని కూడా కాదు. డిటర్జెంట్లలో వాడే సీఎంసీ వేరే గ్రేడు, అదీ నీళ్లలో చిక్కబడుతుంది. పిల్లలు ఆ బొమ్మలే ముందు కొరుకుతారు. కాబట్టి ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 466 (ఆహారంలో కలిపే పదార్థంగా సీఎంసీకి ఉన్న నంబరు), 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీ లేకపోతే తీసుకోవద్దు.

ఇప్పటికే ఆ పౌడర్ కలిపేసి, ఇంకా బొమ్మలు చేయకపోతే, 250 గ్రాములకి అర టీస్పూన్ మంచి సీఎంసీ, వేళ్లకి కాస్త షార్ట్‌నింగ్ (డాల్డా లాంటి కొవ్వు) రాసుకుని పిసికి, గంట ఆగి సాగదీసి చూడండి. చేసేసిన బొమ్మల్ని గట్టిపడతాయని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పట్టి జిడ్డుకారుతాయి. ఓవెన్ కూడా వద్దు.

బిల్లు ఉన్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. నా దగ్గర బిల్లు లేదు, ఫోన్‌పే స్క్రీన్‌షాటూ ఆ వాయిస్ మెసేజూ ఉన్నాయి, వాటితోనే నేనూ ఇస్తున్నాను.