చెమ్మ గోడకు డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్: అద్దె ఫ్లాట్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

ముసురు పట్టిందంటే హన్మకొండ, కాజీపేట పాత అపార్ట్‌మెంట్లలో ముందు నల్లబడేది బాత్రూం వెనక గోడే. షాపుకెళ్తే చేతిలో పెట్టేది డ్యాంప్‌ప్రూఫ్ డబ్బా. మంచి సరుకే, కానీ తడి గోడకు వేస్తే డబ్బులు దండగ: లోపలి నీళ్లు పొరను వెనక నుంచి నెట్టి, బుడగలొచ్చి, లప్పంతో సహా ఊడుతుంది.

అందుకే కొనేముందు అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరును నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. కవరు వెనక చెమ్మ పడితే నీళ్లు గోడలోంచే ఊరుతున్నట్టు. పైపునో, టైల్స్ సందులనో ఓనర్ బాగు చేయించాల్సిందే, లోపల వేసే ఏ పెయింటూ దాన్ని ఆపదు. కవరు పైన పడితే గదిలో గాలి ఆడక పట్టిన తేమ. కిటికీలు తెరవండి, బీరువాను గోడ నుంచి నాలుగంగుళాలు జరపండి. చాలావరకు తగ్గుతుంది.

ఫంగస్‌ను పొడిగా గీకొద్దు, ఇల్లంతా లేస్తుంది. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి తడిపి, పది నిమిషాలాగి రుద్ది తుడవండి. కిటికీ తెరిచే ఉండాలి. బాత్రూం యాసిడ్ మాత్రం అస్సలు కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. గోడ పూర్తిగా ఆరాక, లేచిన లప్పం గీకేసి, వైట్ సిమెంట్ పుట్టీ పట్టించి, ఆపైన రెండు కోట్లు వేస్తేనే ఆ డబ్బాకు పెట్టిన డబ్బు గిట్టుబాటు.