'సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' ఆల్బమ్: గాయకులకు తెలియకుండా రూపం మారిన పాట

సైమన్ అండ్ గార్ఫంకెల్ జంట పాడగా కొలంబియా సంస్థ 1966 జనవరిలో విడుదల చేసిన 'సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' ఆల్బమ్‌ను కొనదలచినవారు, అందులోని మొదటి పాట ఎలా తయారైందో తెలుసుకుని వింటే దాని విలువ మరింత బాగా బోధపడుతుంది. జానపద బాణీ పాటకు రాక్ సంగీతపు ఎలక్ట్రిక్ వాయిద్యాలు జోడించే ఫోక్ రాక్‌కు మేలిమి ఉదాహరణగా చెప్పుకునే 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్'లో నిజానికి పదిహేను నెలల ఎడంతో జరిగిన రెండు రికార్డింగులు ఒకదానిపై ఒకటి ఉన్నాయి.

పాల్ సైమన్ రాసిన ఈ పాటను ఆయన, ఆర్ట్ గార్ఫంకెల్ కలిసి 1964 మార్చిలో న్యూయార్క్‌లో ఎలక్ట్రిక్ వాయిద్యాలేవీ లేకుండా పాడారు. ఆ పాటతో అదే ఏడాది అక్టోబరులో వచ్చిన వారి తొలి ఆల్బమ్ అమ్ముడుపోకపోవడంతో జంట విడిపోయింది. సైమన్ ఇంగ్లండ్ చేరి అక్కడి ఫోక్ క్లబ్బుల్లో పాడుకోసాగాడు. ఇంతలో బోస్టన్ వంటి చోట్ల కళాశాల విద్యార్థులు రేడియోలో ఈ పాటను పదే పదే అడిగి వేయించుకుంటున్నారని తెలిసి, ఆ రోజుల్లోనే గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ రికార్డింగులకు నిర్మాతగా ఉన్న టామ్ విల్సన్, 1965 జూన్‌లో పాత టేపుపై ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ చేర్పించాడు. పాడినవారిని మాటమాత్రంగానైనా అడగలేదు. ఆ రూపమే అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పత్రిక 1966 జనవరి 1 నాటి జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటి చరణంలో గొంతులే ముందుంటాయి. రెండవ చరణంతో డ్రమ్స్ అందుకోగానే, అంతవరకు ఒంటరిగా తనలో తాను మాట్లాడుకుంటున్న మనిషి జనసమ్మర్దమైన వీధిలోకి వచ్చినట్లు అనిపిస్తుంది. డ్రమ్స్, ఎలక్ట్రిక్ వాయిద్యాలు లేని నాడు పాడిన గొంతులు తమకు తోచిన నడకలో సాగాయి కాబట్టి, తరువాత వచ్చిన వాద్యకారులు ఆ హెచ్చుతగ్గులను వెంబడించవలసి వచ్చింది. ఒక దశలో లయ కాస్త నెమ్మదించి గొంతుల కోసం ఆగడం శ్రద్ధగా వింటే తెలుస్తుంది. లోపమే అయినా, పాటలోని అశాంతికి అది సరిగ్గా అతికింది. గాయకుల అనుమతి లేకుండా చేసిన మార్పును నేను సమర్థించలేను గానీ, విల్సన్ చెవి పొరపాటు పడలేదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను.

పాట విజయం సాధించాక హడావుడిగా కూర్చిన ఆల్బమ్ కావడం వల్ల మిగిలిన పాటలన్నీ ఈ స్థాయిలో లేవు. సైమన్ 1965లో లండన్‌లో ఒంటరిగా పాడి రికార్డు చేసిన పాటలు కొన్ని ఇందులో మళ్లీ కనిపిస్తాయి. వాటిలో 'కేథీస్ సాంగ్' ఒక్క గిటార్, ఒక్క గొంతుతోనే మనసును పట్టుకుంటుంది. 'సమ్‌వేర్ దే కాంట్ ఫైండ్ మీ'లో మాత్రం వాద్యాల హోరు మాటలను మింగేసింది. మొదటి పాటకు 1964 నాటి ఎలక్ట్రిక్ వాయిద్యాలు లేని రూపం ఈ ఆల్బమ్‌లో లేదు గనుక, రెండింటినీ పక్కపక్కన విని పోల్చుకోదలచినవారు తొలి ఆల్బమ్ 'వెన్స్‌డే మార్నింగ్, 3 ఎ.ఎం.'ను కూడా సంపాదించుకోవాలి.